పంపుహౌస్‌లో కక్కేదెవరు?

మురుగునీటి పంపుహౌస్‌ని ఎవరైనా ముక్కు మూసుకునే దాటుతారు. వీధి చివరున్న ఆ పంపుహౌస్‌ని మాత్రం, రెండు నెలలుగా చెవులు కూడా మూసుకుని దాటుతున్నారు. రాత్రి రెండున్నర అయిందంటే చాలు, లోపల ఎవరో కక్కుతారట.

ఓక్... ఓక్... గర్ర్ర్...

పేగులు నోట్లోకి వచ్చేంత కక్కు. ఆ మురుగు బావిలో పడి చచ్చినవాడెవడో, ఆనాడు మింగినదంతా ఇంకా కక్కుకుంటున్నాడని కథ పుట్టింది. వాచ్‌మన్ రెండుసార్లు విన్నాడు. రెండుసార్లూ తలుపు కూడా వెయ్యకుండా పరుగు లంకించుకున్నాడు. రెండుసార్లూ తెల్లారేసరికి పంపు మోటారు మాడి కంపు కొడుతోంది.

"మూడోది మాడిందో, నువ్వు ఇంట్లో కూర్చోవడమే," అన్నాడు ఇంజనీరు, ఆపరేటర్‌తో.

పద్దెనిమిదేళ్ల సర్వీసు ఆపరేటర్‌ది. ఆ రాత్రి తనే కాపలా కూర్చున్నాడు. తోడుగా బావమరిదిని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. లాక్కురావడానికి కారణముంది. పంపు దానంతటదే నడిచేలా కంప్యూటర్ పెట్టె బిగించి, ప్రోగ్రాం రాసింది ఆ బావమరిదే. "మావాడు బ్రహ్మాండంగా రాస్తాడు సార్," అని పూచీ పడింది ఆపరేటర్. "ఇంక చేత్తో పనేంటి బావా," అంటూ గోడ మీది పాత స్విచ్చిని కూడా పీకేశాడు ఆ మహానుభావుడు.

ఇద్దరూ బావిలోకి దిగే మెట్ల మీద కూర్చున్నారు. మెట్టంతా జిగురు. గోడకి చెయ్యి ఆనిస్తే, జిడ్డుముద్ద ఏదో వేళ్లకి అంటుకుని తీగలా సాగింది. కింద టార్చి వెలుగులో జుట్టు ఉండలు, నానిన గుడ్డ పీలికలు... ఇంకేవో.

"నోటితో ఊపిరి పీల్చు బావా. వాసన తెలీదు."

"పీల్చాను. తిన్నట్టుంది."

రెండూ ఇరవై ఎనిమిది. పంపు నడుస్తోంది. రెండూ ముప్ఫై...

ఓక్...

బావమరిది ఒళ్లో లాప్‌టాప్ ఎగిరిపడింది.

ఓక్... ఓక్... గర్ర్ర్ర్...

శబ్దం కింద నుంచే. ఆపరేటర్ పళ్లు బిగించి, జారుతూ జారుతూ నాలుగు మెట్లు దిగాడు. టార్చి వేశాడు. బావిలో ఎవరూ లేరు. అసలు నీళ్లే లేవు. అడుగున నల్లటి బురద, దాని మీద పంపు గొట్టం నోరు తెరుచుకుని... గాలి మింగుతోంది. మింగి, కక్కుతోంది. బురద తుంపర వచ్చి అతని పెదవి మీద పడింది. తుడుచుకున్న చెయ్యి అంతకన్నా మురికిది.

"బావి ఖాళీరా," అన్నాడు గొంతు తగ్గించి. "నీ పెట్టె ఏమంటోంది?"

బావమరిది తెర వైపు చూశాడు. నీటి మట్టం అరవై రెండు. అరవై రెండు. అరవై రెండు. ఒకదాని కింద ఒకటి, అదే అంకె.

"ఖాళీగా ఉంటే అరవై రెండేంట్రా?"

బావమరిది ప్రోగ్రాం తెరిచి, వేలితో ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"బావా... వైల్ లూపు పెట్టాను, చెప్పిందే మళ్లీ మళ్లీ చేసేది. మట్టం నలభై కంటే ఎక్కువున్నంతసేపూ పంపు తిప్పమని."

"బాగానే ఉందిగా?"

"మట్టం చదివే లైను లూపు బయట, పైన రాశాను. ఒక్కసారే చదివింది. అప్పట్నుంచీ ఆ అరవై రెండునే పట్టుకుని, నలభై కంటే ఎక్కువే కదా అని తిప్పుతూనే ఉంది."

ఆపరేటర్‌కి విషయం అర్థమైంది. పగలంతా ఊరి మురుగు వస్తూనే ఉంటుంది, పంపు తిరుగుతూనే ఉండాలి, తప్పు ఎవరికీ కనబడదు. అర్ధరాత్రి దాటాక ఊరు పడుకుంటుంది. బావి ఎండిపోతుంది. లూపుకి ఆ సంగతి తెలీదు. మోటారు మాడేదాకా గాలినే తోడుతుంది.

"ఆ లైను లోపల పెట్టు. ముందు ఆ పని చూడు."

బావమరిది లైను మార్చి, మళ్లీ నడిపాడు. తెర మీద తొమ్మిది అని పడింది. పంపు ఒక్కసారి గురక పెట్టి... ఆగిపోయింది.

నిశ్శబ్దం. ఆపరేటర్ పైకెక్కి మోటారు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వేడిగా ఉంది, కానీ మాడలేదు. ఉద్యోగం మిగిలింది. తిరిగొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. అలసటకి వాసన కూడా అడ్డు రాలేదు. ఇద్దరికీ కళ్లు మూతలు పడ్డాయి.

ఎంతసేపో తెలీదు.

కాలికి ఏదో తగిలింది. మెత్తగా... గోరువెచ్చగా... చీలమండ చుట్టూ జుట్టు చుట్టుకుంటోంది.

ఆపరేటర్ కాలు వెనక్కి లాక్కున్నాడు. టార్చి కోసం తడిమాడు. వేళ్లు నీళ్లలో మునిగాయి. వెలుగు పడేసరికి, బావి మెట్లెక్కి వాళ్ల దాకా వచ్చేసింది. మీద తెట్టు. ఆ తెట్టులో లాప్‌టాప్ బోర్లా తేలి, వాళ్లు చూస్తుండగానే మునిగింది. ఊరు నిద్ర లేచింది. ఇంకో రెండు మెట్లెక్కితే మోటారు మునుగుతుంది.

"పంపు ఎందుకు తిరగట్లేదురా?"

బావమరిది కక్కుకోవడం ఆపి, మూతి తుడుచుకున్నాడు. "లూపు అయిపోయింది బావా. దాంతో ప్రోగ్రాం కూడా అయిపోయింది, లాప్‌టాప్ లేకుండా మళ్లీ నడవదు. మళ్లీ మట్టం చూస్తూ ఉండమని రాయలేదు."

"ఎందుకు రాయలేదు?"

"అది... ఎప్పుడూ ఆగింది లేదు కదా. ఆగాక ఏం చెయ్యాలో ఆలోచించలేదు."

మురుగు లోపలికి రాకుండా తూము మూసే ఇనప చక్రం అట్టడుగు మెట్టు పక్కనుంది. అంటే, ఇప్పుడు నిలువెత్తు లోతులో.

ఆపరేటర్ టార్చి నీళ్ల మీద నిలిపి, ప్రశాంతంగా అన్నాడు.

"ఏం చెయ్యాలో నేను చెప్తా. చొక్కా విప్పు."