పద్నాలుగో పేజీలో వీసా

సత్యనారాయణ కాఫీ తాగుతూ చనిపోయాడు.

2007 మార్చి నెల, ఉదయం ఎనిమిది దాటింది. గుర్గావ్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. బల్ల మీద ఒక కప్పులో నిన్న సాయంత్రం కాఫీ సగం మిగిలి ఉంది. ఇంకోటి సింకు పక్కన కడిగి బోర్లించి ఉంది.

శేషగిరి ఆ కడిగిన కప్పు వంకే చూస్తూ నిలబడ్డాడు. పోయినవాడు పంతొమ్మిదేళ్ళుగా తనతో టిఫిన్ బాక్సు పంచుకున్న స్నేహితుడు. విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది ఏజెంట్ల అసలు పేర్లు అతని దగ్గరే ఉండేవి. గోడలోని సేఫ్ ఇప్పుడు తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.

ఫోన్ మోగింది. సెక్షన్ చీఫ్ సుభద్ర.

"ఎవరనుకుంటున్నావ్?"

"బాగా తెలిసినవాళ్ళే మేడమ్. లేకపోతే సత్యం తలుపు తియ్యడు, కాఫీ పెట్టడు."

"ఇంద్రాణి మధ్యాహ్నం లండన్ ఫ్లైట్ ఎక్కుతోంది."

ఇంద్రాణిని ఈ పనిలోకి తెచ్చింది శేషగిరే. చూపు తిప్పుకోనివ్వని అందం, దాన్ని మించిన తెలివి. లండన్‌లో ఉన్న గూఢచారి ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది. ఢిల్లీ తన మనిషనుకుంటోంది.

"ఆపేద్దామా?"

"రుజువు లేకుండా ముట్టుకోవద్దు. ఆ ముఠా లోపలికి మనకున్న దారి ఆమె ఒక్కతే. నిర్దోషి అయితే మన చేతులతో మనమే ఆ దారి మూసేసినట్టు. దొంగయితే ఆ పదకొండు పేర్ల జాబితా ఆమె దగ్గరే ఉండాలి. వెతుకు. దొరికితే కోడ్ వర్డ్ 'టీ పంపండి'. మనవాళ్ళు గేటు దగ్గరుంటారు."

పన్నెండున్నరకి శేషగిరి ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ కౌంటర్లో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, పెట్టుడు మీసం, లావు కళ్ళద్దాలు, గుండీలో మైక్. ఇంద్రాణి బ్యాగు, ల్యాప్‌టాప్, లిప్‌స్టిక్ అన్నీ అప్పటికే స్కాన్ అయ్యాయి. ఏమీ దొరకలేదు.

ఆమె వచ్చింది. నీలం సిల్కు చీర, చిన్న నవ్వు. స్టేపుల్ చేసిన రెండు పాస్‌పోర్టులు కౌంటర్ మీద పెట్టింది.

"దో పాస్‌పోర్ట్?" అన్నాడతను, జలుబు చేసినట్టు ముక్కుతో.

"పాతది ఎక్స్‌పైర్ అయింది భయ్యా. వీసా దాంట్లోనే ఉంది. ఇంకా రెండేళ్ళు వ్యాలిడ్." హిందీలో తేలిగ్గా చెప్పింది.

మామూలు సంగతే. రోజూ ఎంతోమంది అలా వెళ్తారు. కొత్తదాంట్లో ముద్ర వేస్తారు, పాతదాంట్లో వీసా చూస్తారు. పాతదాని అట్ట మూల కత్తిరించి ఉంది, మొదటి పేజీలో 'క్యాన్సిల్డ్' అని కొట్టి ఉంది. పద్నాలుగో పేజీలో వీసా. అతినీలలోహిత దీపం కింద పెట్టాడు. అసలుదే.

వేరే దారి లేక ముద్ర వేసి ఇచ్చేశాడు. ఆమె వెళ్ళిపోయింది.

తర్వాతి ప్రయాణికుడు తన పాస్‌పోర్టు ముందుకు తోశాడు. అందులోనూ ఒక వీసా స్టిక్కర్. దాని మీద సగం, అది అంటించిన పేజీ మీద సగం పడిన పాత రాకపోకల ముద్ర. రెండు సగాలూ చక్కగా కలిసి ఉన్నాయి.

శేషగిరికి పద్నాలుగో పేజీ గుర్తొచ్చింది. ఇంద్రాణి వీసా మీద కూడా అలాంటి ముద్రే ఉంది. కానీ రెండు సగాల మధ్య గీత వెంట్రుకవాసి తప్పింది. ఆ స్టిక్కర్‌ని ఎవరో ఊడదీసి మళ్ళీ అంటించారు!

కుర్చీ వెనక్కి పడిపోయింది. అతను పరుగెత్తాడు.

గేటు దగ్గర చివరి పిలుపు అయిపోయింది. ఎయిర్‌లైన్ అమ్మాయి ఆమె బోర్డింగ్ కార్డు చింపి ఇచ్చింది. ఇంద్రాణి విమానం వైపు అడుగు వేసింది.

"టీ పంపండి!" అరిచాడు శేషగిరి.

ఇద్దరు మనుషులు దారికి అడ్డం నిలబడ్డారు. ఇంద్రాణి ఒక్క క్షణం కూడా వృథా చెయ్యలేదు. పద్నాలుగో పేజీ చించి నోట్లో కుక్కుకుంది. శేషగిరి ఆమె దవడలు పట్టి బలవంతంగా తెరిచాడు. పళ్ళు అతని వేలిని ఎముక దాకా కొరికాయి. అయినా వదల్లేదు. తడిసి నలిగిన ఆ కాగితంలో, వీసా స్టిక్కర్ వెనక, గోరంత ఫిల్మ్ ముక్క. దాని మీద నల్లటి చుక్కల్లా పేర్లు.

మీసం ఊడి వేలాడుతోంది. ఆమె అతన్ని గుర్తుపట్టింది.

"మీరా మాస్టారూ!" తెలుగులో అంది.

"సత్యం నీకు కాఫీ పెట్టాడు."

"చక్కెర తక్కువేశారు. నాకెలా ఇష్టమో ఆయనకి గుర్తుంది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం వణకలేదు. "తొమ్మిదేళ్ళు మాస్టారూ. ఈ రెండు పాస్‌పోర్టుల్లోనూ ఉన్నది నా పేరు కాదు. సొంత పేరుతో బతకనిస్తామన్నారు వాళ్ళు."

"పదకొండు మందిని చంపించి బతుకుతావా?"

"పది మందిని." ఆమె తల దించుకుంది. "శాంపిల్‌గా ఒక పేరు అడిగారు. నిన్న రాత్రే ఫోన్లో చెప్పేశాను. దీపు."

దీపుకి ఇరవై ఏడేళ్ళు. అతనికీ పని నేర్పిన మాస్టారు శేషగిరే.

అతను ఫిల్మ్‌ని కవర్లో పెట్టి సుభద్రకి ఫోన్ చేశాడు. దీపుని వెంటనే అక్కణ్ణించి తప్పించమన్నాడు. "తెల్లవారుజాము నుంచీ అతను ఫోన్ ఎత్తడం లేదు శేషగిరీ," అందామె.

ఇంద్రాణిని తీసుకెళ్ళిపోయారు. శేషగిరి గోడకి ఆనుకుని, రక్తం కారుతున్న వేలికి రుమాలు చుట్టుకున్నాడు.

ఎయిర్‌లైన్ అమ్మాయి ఫారం పట్టుకుని భయంభయంగా దగ్గరికొచ్చింది. "సర్, ఆవిడ సామాను దించాలి. ప్రయాణం ఎందుకు ఆగిందో కారణం రాయాలి. ఏం రాయమంటారు?"

శేషగిరి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వీసా ప్రాబ్లం అని రాయమ్మా."