లంగరు అని పిలిస్తే

ఇరవై రెండో శతాబ్దం గుమ్మం దాకా వచ్చేసిన ఆ రోజుల్లో ఎవరూ అడ్రసులు టైపు చేసేవాళ్ళు కాదు. పిలిచేవాళ్ళు. ప్రతివాళ్ళ చెవి వెనకా కందిగింజంత పూస ఒకటి ఉండేది. దాన్ని వేలితో తాకి పేరు పలికితే చాలు, ఆ పేరుగలవాళ్ళు ఎక్కడున్నా పలికేవాళ్ళు. బజారెళ్ళి పప్పు తేవాలన్నా, డాక్టరుకి నాలుక చూపించాలన్నా, పెళ్ళికి సన్నాయి మేళం మాట్లాడుకోవాలన్నా పిలుపే. దీన్ని గాలిపేరు అనేవారు. మన ముత్తాతలు డొమైన్ నేమ్ అన్నది ఇంచుమించు దీన్నే. కాకపోతే వాళ్ళు పేరు చివర చుక్క పెట్టి తోకలు తగిలించేవాళ్ళు కాబట్టి ఒకే మాటను పదిమంది పంచుకోగలిగారు. గాలిపేరుకి తోక లేదు. ఒక పేరుకి లోకం మొత్తం మీద ఒక్కరే పలకాలి. గొడవలన్నీ అక్కడే పుట్టాయి.

‘లంగరు’ అనే గాలిపేరు కాకినాడ తీరాన మైలపల్లి నూకరత్నానిది. ఇరవై ఏళ్ళ కిందట ఆమె పెనిమిటి నావ అడుగున నీళ్ళలో తిరిగే ఫ్యానుకి వల చుట్టుకుని, ఇంజను ఆగిపోయి, పిలిస్తే పలికే దిక్కులేక ఎక్కడో ఒడిశా దగ్గర తేలింది. ఆయన బతికి ఇంటికొచ్చిన మర్నాడే ఆమె వెళ్ళి ఆ పేరు రాయించుకుంది. అప్పట్నుంచి సముద్రం మీద కష్టంలో పడ్డవాడు ‘లంగరు’ అంటే ఆమె పలికేది. నావ ఎక్కడుందో చెప్పడానికి ఉపగ్రహాలున్నాయి. భయపడ్డ మనిషి తర్వాత ఏం చేస్తాడో అవి చెప్పలేవు. నూకరత్నానికి అది తెలుసు. అందుకే పిలిచినవాడి ఊరూ పేరూ అడక్కముందే ఒక్కటే అడిగేది: “వల ఎక్కడుంది నాయనా?” నీళ్ళలో ఉందంటే ఇంజను ముట్టుకోనిచ్చేది కాదు. ఆ కంగారులో ఇంజను తిప్పితే ఫ్యాను వలని మింగేస్తుంది, ఇక ఆ నావ కదలదు. ఆ ఒక్క ప్రశ్నతో ఒడ్డెక్కిన నావలు ఆ తీరమంతా ఉన్నాయి.

ఇలా ఉండగా సముద్రం ఊళ్ళ మీదికి జరిగింది. నీటి మీద తేలే అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మే తీరభవన్ అనే కంపెనీ ఒకటి బయల్దేరింది. దాని అధిపతి కొమ్మారెడ్డి విభాకర్ తన ఇళ్ళకి ‘లంగరు’ అని పేరు పెట్టి ట్రేడ్‌మార్క్ చేయించాడు. ఏ గోడ మీద చూసినా బంగారు లంగరు బొమ్మే. ఇంకేముంది, ఇల్లు కొనుక్కుందామని ముచ్చటపడి ‘లంగరు’ అని పిలిచిన ప్రతివాణ్ణీ ఒక ఆడమనిషి వల ఎక్కడుందని నిలదీసేది. కొందరు దడుచుకునేవాళ్ళు. ఒకాయన నిజంగానే పెరట్లోకి వెళ్ళి వెతికొచ్చాడట!

కంపెనీ పేర్ల న్యాయసభకెక్కింది. ఆ మాట వింటే జనానికి గుర్తొచ్చేది మా బంగారు లంగరే, ఆమె దుర్బుద్ధితో పేరు పట్టుకుని కూర్చుంది, మాది మాకిప్పించండి అని దావా. నేను ముందు రాయించుకున్నాను, మీ కంపెనీ పుట్టకముందే ఈ పేరు పలుకుతోంది, ఎలా ఇస్తానని నూకరత్నం. ముందు రాయించుకోవడం ఉత్త అద్దెచీటీ లాంటిది, మార్కు మీదున్నదే సిసలైన హక్కని వాళ్ళ లాయరు. మధ్యలో విభాకరే ఇంటికొచ్చి, మర్యాదగా కూర్చుని, ‘లంగరు సాయం’ అని రెండు మాటల పేరు మీకు శాశ్వతంగా రాసిస్తాను, ఒప్పుకోండమ్మా అన్నాడు.

“మునిగిపోయేవోడు రెండు మాటలు పలకడు బాబూ” అంది నూకరత్నం. కాఫీ ఇచ్చి మరీ పంపించింది.

అది మొదలు పట్టిన పట్టు విడవలేదు. మూడేళ్ళు కంపెనీ లాయర్లకి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. చట్టం చదివింది. వాయిదా వాయిదాకీ వాదనకి పదును పెట్టుకుంది. వంట చేస్తున్నా విభాకర్‌కి చెప్పాల్సిన జవాబే, బట్టలు ఉతుకుతున్నా అదే. ఈలోగా పిలుపులు ఎవరందుకోవాలి? పిలుపుల్ని తోడికోడలు మరిడమ్మ పూసకి మళ్ళించి, ఆమెని పడవల జాడ చూపే మ్యాపు ముందు కూర్చోబెట్టింది. మరిడమ్మ నోట్లో నాలుక లేని మనిషి. అక్క చెప్పింది చెప్పినట్టు చేసేది, ఇంకో మాట ఎత్తేది కాదు.

పేర్ల న్యాయసభలో లాయర్ల కంటే పెద్ద మాట ఒక యంత్రానిది. దాని పేరు స్ఫురణమాపకం. కనిపెట్టింది డాక్టర్ ముసునూరి హైమ. ఏదైనా పేరు చెవిన పడ్డాక, దాని గురించి మనం ఆలోచించడం మొదలుపెట్టేలోపు, రెప్పపాటు కంటే తక్కువ సేపట్లో మెదడులో ఒక బొమ్మ లేస్తుంది. ఆ బొమ్మని మనిషి ఎంచుకోడు, కాబట్టి దాచనూ లేడు. తలకి తొడిగే సెన్సర్ల బుట్ట ఆ తొలిస్ఫురణని పట్టుకుంటుంది, కంప్యూటర్ దాన్ని తెరమీద గీస్తుంది, బొమ్మతో పాటు గొంతేదైనా లేస్తే దాన్నీ పట్టి ఉంచుతుంది. జనం మనసులో పేరు ఎవరిదో వాళ్ళకే పేరు. సాక్షుల్ని కొనడం, అబద్ధాలాడించడం అన్నీ దాంతో పోయాయి.

దారినపోయేవాళ్ళని చీట్లు తీసి పిలిచి పరీక్షించారు. ఊళ్ళోవాళ్ళ తలల్లో బంగారు లంగరు వచ్చింది. పడవలవాళ్ళ తలల్లో ఆడమనిషి గొంతు, చీకటి నీళ్ళు వచ్చాయి. సరిగ్గా చెరిసగం. అలా జరిగినప్పుడు నియమం ఏమిటంటే, పేరు నాదన్నవాళ్ళిద్దరే బుట్ట కింద కూర్చోవాలి. తన పేరు వింటే తన పనే గుర్తురాని మనిషికి ఆ పేరుతో పనేముందని దాని అంతరార్థం. అది ఉత్త లాంఛనమే, ఎప్పుడూ ఎవరూ తప్పలేదు అన్నారంతా.

హైమ మాత్రం నూకరత్నాన్ని వరండాలోకి పిలిచి కూర్చోబెట్టింది. ఒక వారం వాయిదా అడిగి, ఇంటికెళ్ళి మ్యాపు ముందు కూర్చోమంది. కేసు మాట తలపెట్టొద్దంది. ఎందుకని నూకరత్నం అడిగింది.

“యంత్రం మీ హక్కుని చూడదండీ. మీ మనసులో ఏం కాపురం ఉందో చూస్తుంది.”

“నా మనసులో ఏటుందో నాకు తెల్దా అమ్మా? కానీండి, ఇయ్యాలే కానీండి.”

ముందు విభాకర్ కూర్చున్నాడు. ‘లంగరు’ అని పలికింది యంత్రం. తెరమీద గీతలు కదిలాయి. బంగారు లంగరు కోసం కంపెనీవాళ్ళు మెడలు చాపారు. వచ్చింది నూకరత్నం బొమ్మ. ముక్కుపుడక, బొడ్లో దోపిన చీరకొంగు, ఎత్తిన చూపుడువేలుతో సహా. హాలంతా గొల్లుమంది. పాపం, మూడేళ్ళుగా ఆయనకి తన ఇళ్ళకంటే ఆమే ఎక్కువ నిద్ర చెడగొట్టింది. ఇంకేం, గెలిచాననుకుంది నూకరత్నం. వెళ్ళి దర్జాగా కూర్చుంది.

‘లంగరు’.

తెరమీద ముందు ఒక మెరుపు వచ్చింది. తర్వాత దాని చుట్టూ వంపు, కింద రెండు కొక్కేలు, పైన గుండ్రటి కన్ను. బంగారు లంగరు. గోడల మీద ఉన్నదానికంటే నిగనిగలాడుతూ, అంచులో నగిషీతో సహా ఉంది. నీళ్ళు లేవు. నావ లేదు. పెనిమిటి కూడా లేడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నూకరత్నానికి చచ్చినంత సిగ్గేసింది. బుట్ట తీసి మళ్ళీ పెట్టమంది, మళ్ళీ పలకమంది. మళ్ళీ అదే వచ్చింది.

న్యాయసభ అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. విభాకర్ మనసు పేరుని నూకరత్నానికిస్తోంది, నూకరత్నం మనసు విభాకర్‌కిస్తోంది. చట్టంలో దీనికి దారి లేదు. అప్పుడు హైమ లేచింది. ఇంతసేపూ అందరూ బొమ్మలే చూశారు, గొంతు ఎవరూ వినలేదు అంది. పడవలవాళ్ళ తలల్లో పట్టుకున్న ఆ ఆడగొంతుని వినిపించింది. ‘వల ఎక్కడుంది నాయనా?’ మాట నూకరత్నానిది. గొంతు మరిడమ్మది.

కబురు పంపితే మరిడమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. అంత పెద్ద హాలు చూసి బెదిరింది కానీ కూర్చోమంటే కూర్చుంది.

“బేగి ఒగ్గీండి బాబూ. పూస నా చెవినే ఉంది గానీ మ్యాపు ఇంటికాడుండిపోనాది. పడవలు బయటున్నాయి.”

యంత్రం పేరు పలికింది. తెరమీద నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ మీద ఊగుతూ చిన్న నావ. అందులో మనుషులున్నారు గానీ వాళ్ళకి ముఖాలు లేవు, పిలిచింది ఎవరో ఇంకా తెలియదు కాబట్టి. అయిపోయిందా అని అడిగి మరిడమ్మ వెళ్ళిపోయింది. తీర్పు వినడానికి కూడా ఆగలేదు.

తీర్పు పొట్టిది. గోడల మీద బొమ్మ కంపెనీ ఉంచుకోవచ్చు. పిలిస్తే పలికే పేరు మాత్రం ఇకనుంచి మరిడమ్మది.

నూకరత్నం వరండా బెంచీ మీద కూలబడింది. పడవలకి ఇబ్బంది రాలేదని సంతోషించాలి కదా? రాలేదు ఆ సంతోషం. ఒళ్ళంతా మండిపోయింది. తను తెచ్చిన పేరు, తను నేర్పిన ప్రశ్న, తను చేసిన పోరాటం. ఆ మనిషి చేసిందల్లా కుర్చీలో కూర్చోవడం! హైమ పక్కకి రాగానే అప్పీలుకి గడువెంతని అడిగింది. హైమ నెల రోజులని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు టీలు పట్టుకుని విభాకర్ వచ్చాడు. ఒకటి ఆమెకిచ్చి పక్కనే కూర్చున్నాడు.

“అమ్మా, ఆవిడకి రిజిస్ట్రేషన్ లేదు, ట్రేడ్‌మార్కూ లేదు. మనిద్దరం కలిసి అప్పీలు చేస్తే ఆ తీర్పు నిలవదు. తర్వాత సంగతి తర్వాత మనలో మనం చూసుకుందాం.”

మూడేళ్ళలో మొదటిసారి అతని మాట ఆమెకి సబబుగా వినిపించింది. పైగా ఏ సెక్షను కింద వెయ్యాలో ఆమే చెప్పింది, ఏ మాట ముందు పెట్టాలో ఆమే చెప్పింది. విభాకర్ ముచ్చటపడి, మీలాంటి లాయరు నాకుంటే ఎప్పుడో గెలిచేవాణ్ణి అన్నాడు. ఆమె నవ్వింది కూడా. లాయరు వచ్చి అంగీకారపు పలక ఆమె ముందు పెట్టాడు. ఆ కాలంలో సంతకాలు లేవు, నోటితో చెప్పాలి. ‘లంగరు నాది’ అని స్పష్టంగా పలికితే చాలు, గొంతు గుర్తుపట్టి పలక ముద్ర వేసుకుంటుంది.

నూకరత్నం టీ గ్లాసు పక్కన పెట్టింది. గొంతు సవరించుకుంది.

చెవి వెనక పూస మోగింది.

“అక్కా, తీర్పు సంగతి తరవాత సెబుదువుగాని” అంది మరిడమ్మ. రొప్పుతోంది. “రెండు పడవలు ఒక్కపాలే పిలుత్తన్నాయి. ఒకటి నేనందుకున్నాను. రెండోది నువ్వు పలుకు.”

అంతే, పూసలో గాలి హోరు వచ్చిపడింది. ఆ హోరులో ఎవరో చిన్నవాడు ‘లంగరు, లంగరు’ అంటున్నాడు. వెనక ఇంకెవరో ఇంజను తిప్పు, ఇంజను తిప్పు అని అరుస్తున్నాడు. విభాకర్ పలకని ఇంకాస్త దగ్గరకి జరిపి, ఒక్క మాట అనేయండమ్మా అన్నాడు. లాయరు కూడా తల ఊపాడు.

నూకరత్నం చెయ్యెత్తి ఇద్దర్నీ ఆగమంది. కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ వెనక బంగారమేమీ కనపడలేదు.

“ఇంజను ముట్టుకోకండి” అంది. “వల ఎక్కడుంది నాయనా?”

అంగీకారం సరిగ్గా వినపడలేదు, మళ్ళీ పలకండి అని పలక రెండుసార్లు అడిగింది. ఆమె దానికి పలకలేదు.