గంగాబాయి గాజులు

డోర్నకల్ జంక్షన్‌లో ఎవరో పెట్టిన ఉచిత బీపీ బల్ల దగ్గర చెయ్యి చూపించుకుని లేచాడు గోప్యా. టీ కొట్టు దాకా కూడా వెళ్లలేదు, ప్లాట్‌ఫారం మీదే కుప్పకూలాడు. చూసినవాళ్లంతా బీపీ అన్నారు.

గోప్యా మన నిఘా విభాగం ఇన్ఫార్మర్. జనగామ నుంచి చీఫ్ సంజీవ, ఏజెంట్ మోతీలాల్‌కు ఫోన్ చేశాడు.

"చేతికి చుట్టే బీపీ కఫ్ లోపల ముఠావాళ్లు సన్న సూది పెట్టిన్రు, గాలి కొడితే గుచ్చుతది. ఆ మందెక్కితే మెదడుల వాపు లేస్తది. నరాలు పూనకమొచ్చినట్టు గుండెను ఉరికిస్తయి, బీపీ పెరిగి నెత్తిల నరం చిట్లుతది. పోస్టుమార్టంల మామూలు చావే! ఆ మందు కొననీకి కాటారం గెస్ట్‌హౌస్‌ల విదేశీ బయ్యర్ కూసున్నడు. ఇయ్యాల తండా బీపీ క్యాంపుల ఇంకొకరిని సంపి లైవ్‌ల చూపిస్తరట."

"గోప్యా భార్య ఆ క్యాంపుకే వస్తది సార్."

"శవం ఎవరిదో నీకూ నాకూ తప్ప ఎవ్వరికీ ఎరుక లేదు. ఆమెకు చెప్తే ముఠా ఉడాయిస్తది. నోరు మూస్కో."

మోతీలాల్ కాంపౌండర్ కోటు తొడుక్కుని తండాకు వెళ్లాడు. క్యాంపులో డాక్టర్ దీక్షిత ఉంది. ముఠాలోకి మనం పంపిన మనిషి, చూపు తిప్పుకోనివ్వని అందగత్తె.

"కూరల ఉప్పెక్కువైంది," అన్నాడు.

"మజ్జిగ తాగు." కోడ్ కలిసింది. "సూది నీలం కఫ్‌ల ఉంది. బూడిదరంగుది సేఫ్."

గోప్యా భార్య గంగాబాయి వచ్చి కుర్చీలో కూర్చుంది. "మా ఆయన డోర్నకల్ పోయిండు కొడుకా, బువ్వయాళ్లకు వస్తడు," అని నవ్వింది. మోతీలాల్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

దీక్షిత బూడిదరంగు కఫ్ తీసింది. గంగాబాయి మోచేతి పైన భుజం దాకా తెల్లగాజులే. కఫ్ పట్టలేదు.

"గాజులు తియ్యి అవ్వా."

"పెనిమిటి బతికుండంగ పైగాజులు ఎట్ల తీస్త బిడ్డా?"

గోడ మీద కెమెరా వెలుగుతోంది. అవతల బయ్యర్ చూస్తున్నాడు. దీక్షితకు ఓపిక చచ్చింది.

"అయితే తియ్యి. మీ గోప్యా పొద్దుగాల్నే స్టేషన్‌ల సచ్చిండు."

గంగాబాయి గాజులు ఒక్కొక్కటే లాగి పారేసింది.

మోతీలాల్ చటుక్కున దీక్షిత వైపు తిరిగాడు. ఈ సంగతి దీక్షితకు ఎవరూ చెప్పలేదు. చంపినవాళ్లు తప్ప!

కఫ్ ఆ బోసి చేతిని తాకేలోగా లాక్కుని దీక్షిత చేతికే చుట్టాడు. గాలి కొట్టే బుడ్డి పట్టుకున్నాడు.

"జర నీ బీపీ చూద్దాం డాక్టరమ్మా."

"వద్దు! సూది దీంట్లనే ఉంది!"

కెమెరా ముందే కక్కేసింది. అక్కడ కాటారంలో సంజీవ మనుషులు బయ్యర్‌ను మంచానికి కట్టేశారు.

గంగాబాయి తల ఎత్తింది. "నీకు గూడ ఎరుకేనా కొడుకా?"

మోతీలాల్ నేల మీదికి వంగాడు. ఇంతలో సంజీవ ఫోన్ చేశాడు, మోతీలాల్ హలో అన్నాడు.

"శభాష్! గొంతేంది గట్లుంది? జర బీపీ చూపిచ్చుకోరాదు?"

"చూసే డాక్టరమ్మకే సంకెళ్లేసినం కద సార్," అన్నాడు మోతీలాల్, కిందపడిన గాజులు ఏరుతూ.