కింది గదిలో మోగే ఫోన్

ఆ గది వైపు పగటిపూట కూడా ఎవరూ వెళ్లేవాళ్లు కాదట.

మా వదిన డిస్పాచర్. పైన పైలట్లు విమానం నడుపుతుంటే, కింద కూర్చుని వాళ్ల దారి, ఇంధనం, వాతావరణం చూసుకునే ఉద్యోగం. వాళ్ల ఆఫీసు ఒకప్పుడు కింది అంతస్తులో ఉండేది. అక్కడే ఓ పెద్దాయన డ్యూటీలో ఉండగా, ఫోన్ చేత్తో పట్టుకునే ప్రాణం వదిలాడు. తర్వాత ఆఫీసు పై అంతస్తుకి మారింది. గది ఖాళీ. కానీ రాత్రిళ్లు... ఫోన్ మోగేది.

ఒకసారి వదిన పక్క సీటు కుర్రాడు ధైర్యం చేసి ఎత్తాడు. ఒకటే హోరు... ఆ హోరులోంచి ఎవరో — "ఉన్నారా... ఎవరైనా ఉన్నారా..."

చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం.

ఆ రాత్రి మాత్రం వదిన కోపం దెయ్యం మీద కాదు — ఒక కెప్టెన్ మీద.

ఆయన విమానం సముద్రం మీదుంది. దిగాల్సిన ఊరిని పొగమంచు కమ్మేసింది. అది కాకపోతే దిగాలనుకున్న రెండో ఊళ్లో గాలివాన. ఇప్పుడే మూడో చోటికి తిరిగితేనే ఇంధనం సరిపోతుంది. వదిన మెసేజ్ మీద మెసేజ్ కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. విమానాలతో రేడియోలో మాట్లాడే కంట్రోల్ వాళ్లకి చెబితే "కబురందిస్తాం, లైన్లో ఉండండి" అన్నారు. లైన్లోనే ఉంది.

"పైనున్నామని పొగరు! కిందవాళ్లు వీళ్ల కంటికి ఆనరు" అని పళ్లు నూరుతుంటే...

కిందనుంచి — ట్రింగ్... ట్రింగ్...

కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వద్దక్కా... పెద్దాయన..." అని గొణిగాడు.

"పెద్దాయనైతే నాలుగు అక్షింతలు వేసొస్తా! బతికున్నవాళ్లు ఎలాగూ పలకట్లేదు."

చేతిలో ఉన్న లైను కుర్రాడికిచ్చి విసవిసా మెట్లు దిగింది. తలుపు తోస్తే కిర్రుమంది. దుమ్ము వాసన. చీకట్లో ఫోన్ మీద చిన్న ఎర్రదీపం వెలుగుతూ ఆరుతూ... వెలిగినప్పుడల్లా ఖాళీ కుర్చీ కనిపిస్తోంది.

అంత కోపమూ గుమ్మంలోనే ఆవిరైపోయిందట. అయినా చెయ్యి చాచింది. ఎత్తింది.

హోరు...

"ఉన్నారా..."

వదిన రిసీవర్ చెవికి అదుముకుంది.

"ఎవరైనా... ఏమండీ, అందరూ చచ్చారా అక్కడ!"

చచ్చినవాళ్లు అలా తిట్టరు కదా! "ఎవరు?" అంది.

"కెప్టెన్‌ని! ఇందాకట్నుంచి మోగిస్తూనే ఉన్నా! మీరు చెప్పిన రెండో ఊరికే వెళ్తున్నాం, అక్కడ గాలి ఎలా ఉందో అడుగుదామంటే—"

"వెళ్లమని ఎవరన్నారు? వెళ్లొద్దన్నాను!"

"మాకొచ్చింది ఆ ఊరి పేరొక్కటే!"

పంపినవాటిలో ఒక్క మెసేజే, అదీ మధ్యలో తెగి, ఊరి పేరు వరకే చేరింది.

"తిరగండి... ఇప్పుడే తిరగండి" అని మూడో చోటు పేరు చెప్పి, ఆయన నోట తిరిగి చెప్పించుకున్నాకే ఊపిరి పీల్చింది.

దిగారు. అందరూ క్షేమం.

మర్నాడు కెప్టెన్, వదిన కలిసే మేనేజర్ గదిలోకి దూసుకెళ్లారు. సంగతి అక్కడ బయటపడింది. ఆఫీసు మారినా విమానాల్లోని శాటిలైట్ ఫోన్లలో పాత నంబరే ఉండిపోయింది. ఇన్నాళ్లూ ఆ గదిలో మోగింది... ఆకాశంలోంచి పైలట్లు చేసిన ఫోన్లు.

"ఈ నంబర్ ఎవరూ ఎత్తట్లేదు, చూడమని రాసిచ్చి ఏడాదైంది!" అని కెప్టెన్ బల్ల గుద్దాడు.

"నంబర్ మార్చకపోతే పోనీ, ఆ ఫోన్ తెచ్చి పైన పెట్టడానికి ఏం రోగం సార్?" అంది వదిన.

మేనేజర్ తలెత్తలేదు. మెల్లగా — "ఎవర్ని పంపినా వెళ్లనన్నారమ్మా... చివరికి ఓ రాత్రి నేనే వెళ్లాను. తలుపు దాకా వెళ్లేసరికి లోపల మోగింది... తిరిగొచ్చేశాను."

"ఆ రాత్రి పైనుంచి ఫోన్ చేసిందెవరు సార్?" అంది వదిన. "ఎందుకు చేశారో... తర్వాతైనా కనుక్కున్నారా?"