మైకు అక్క చెప్పిన హాలు చరిత్ర

కాలేజీ బాస్కెట్‌బాల్ హాలుకి రేపటితో నూకలు చెల్లినట్టే. వీధికి అటుపక్క కొత్త స్టేడియం లేచింది. పాతది మూసేసే ముందు చిన్న సభ పెట్టి, హాలు చరిత్ర నాలుగు ముక్కలు చెప్పమని ప్రిన్సిపాల్ మైకు అక్కని పిలిచాడు.

ఆ హాల్లో ఏ మ్యాచి జరిగినా మైకు పట్టుకుని ఆట చెప్పింది ఆవిడే. కుర్రకారు పెట్టిన పేరే చివరికి అసలు పేరైపోయింది. జట్టుకి కోచ్‌గా ఉన్న భర్త పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. గొంతు తుప్పు పడుతుందేమోనని పొద్దున్నే పేపరు పైకి చదువుకునేది. వార్తలైపోతే ప్రకటనలు కూడా. వినడానికి గోడలే. అందుకే ప్రిన్సిపాల్ పిలుపు రాగానే ప్రాణం లేచొచ్చింది. ఒకసారి చెప్పి చూసుకుందామని ముందురోజు సాయంత్రమే వచ్చేసింది.

వాచ్‌మన్ తలుపు తీశాడు.

"మీరు మైకు పట్టుకుంటే ఓడినోళ్లు కూడా చప్పట్లు కొట్టేవాళ్లు కదమ్మా," అన్నాడు. "లోపల పురుగు కూడా లేదు. హాయిగా చెప్పుకోండి. నేను గేటు దగ్గరుంటా."

లోపల పాత చెక్కనేల వాసన, దానికి అంటుకుపోయిన రబ్బరు వాసన. రేకుల కప్పు మీద సన్నగా వాన మొదలైంది. మైకు అక్క స్కోరు బల్ల దగ్గర కూర్చుని, మైకు పెట్టుకుని, ఖాళీ గ్యాలరీ వైపు తిరిగి గొంతు సవరించుకుంది.

"ఈ హాలు మొదట్లో సరుకుల గోదాము. కాలేజీ దీన్ని కొని, కింద చెక్క పరిచి, రెండు బుట్టలు వేలాడదీసింది. తొలి మ్యాచికి చూసేవాళ్లకంటే ఆడేవాళ్లే ఎక్కువ!"

తన జోకుకి తనే నవ్వింది. ఆ నవ్వు హాలంతా తిరిగి మళ్లీ చెవిన పడింది. కాస్త ఆలస్యంగా... కాస్త సన్నగా.

అంతలో కరెంటు పోయింది. పైనున్న చిన్న కిటికీల్లోంచి బూడిదరంగు వెలుతురు మాత్రం మిగిలింది. వెళ్లిపోదామా అనుకుంది. ఇంటికెళ్తే మాత్రం ఏముంది? మైకు లేకుండానే అందుకుంది.

"పెద్ద తుఫాను వచ్చిన ఏడు నది పక్క ఇళ్లన్నీ మునిగిపోతే, జనం ఈ హాల్లోనే తలదాచుకున్నారు. నీళ్లు తీశాక అందరూ క్షేమంగా ఇళ్లకు వెళ్లారు."

"అందరూ కాదు."

గుసగుస. వాన చప్పుడేమో అనుకుంది.

"ఎవరది?"

తడిబట్టల వాసన మాత్రం వచ్చింది. ఇందాక లేదు ఆ వాసన.

నిజం చెప్పాలంటే, ముందు ఆవిడకి భయం వెయ్యలేదు. ఎవరో వింటున్నారు! తన మాటకి ఇంకో మాట తోడై ఎన్నాళ్లయింది?

"సరే, విను," అంది మెల్లగా. "తుఫాను తర్వాత హాలు బాగుచేశారు. బంతులు దొర్లిపోతున్నాయని గ్యాలరీ కిందంతా పలకలు కొట్టి మూసేశారు..."

"అప్పుడే చీకటైపోయింది అక్కా."

చిన్నపిల్ల గొంతు. గ్యాలరీ మీదనుంచి కాదు.

కిందనుంచి.

పలకల వెనకాల గోరుతో గీకుతున్న చప్పుడు... ఆగింది. ఇంకాస్త ఇవతల... మళ్లీ.

"అమ్మ పడుకోమంది... లేచేసరికి ఎవ్వరూ లేరు."

మైకు అక్క లేచింది. కుర్చీ వెనక్కి పడింది. గోడ తడుముకుంటూ తలుపు వైపు నడిచింది. ఏదో ఒకటి మాట్లాడకపోతే గుండె ఆగిపోయేలా ఉంది. ప్రతి మ్యాచి చివరా చెప్పీ చెప్పీ నోటికి పట్టేసిన మాటే బయటికొచ్చింది.

"లోపల ఎవరైనా ఉంటే... దయచేసి బయటికి వచ్చెయ్యండి. తలుపులు... మూసేస్తున్నాం."

గీకుడు ఆగిపోయింది.

వాన. వాన ఒక్కటే.

తర్వాత... ఒక పలక... మేకులతో సహా... నెమ్మదిగా ఊడిన చప్పుడు.

ఇక వెనక్కి చూడలేదు. తలుపు తోసుకుని మెట్ల మీదికి వచ్చి పడింది.

వాచ్‌మన్ గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. "కరెంటు పోయిందని మీకోసమే వస్తున్నానమ్మా," అంటూ తలుపుకి తాళం వేశాడు. వచ్చి పక్కన నిలబడ్డాడు. గొడుగు ఆవిడ తల మీద పట్టలేదు. ఆవిడ ఎడమ పక్కన, నడుమెత్తుకి దించి పట్టాడు.

"మీరు తడిస్తే ఏమీ అనుకోకండి," అన్నాడు. "పాప ఇప్పటికే ముద్దయిపోయింది. మీ మనవరాలా? లోపలికి వెళ్తుంటే చూడనే లేదే నేను."

మైకు అక్క పక్కకి చూడలేదు. ఎడమ చెయ్యి దేని చుట్టూ ఎప్పుడు ముడుచుకుందో తెలీదు. వేళ్లు విప్పబోయింది.

విడిపోలేదు.