అమ్మమ్మ అడిగిన మూడో ప్రశ్న

"మీ పాస్‌వర్డ్ 'అమ్మమ్మ' కదండీ?"

ఆ అమ్మాయి మనవాడితో మాట్లాడిన మొట్టమొదటి మాట అది. కాఫీ మిషన్ దగ్గర నిలబడి, చక్కెర అయిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది. మనవాడికి పొలమారింది. కాఫీ సగం ముక్కులోకీ, సగం చొక్కా మీదికీ వెళ్ళింది.

"మీకెలా తెలుసు?"

"పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రామ్ ఒకటుంది, నడిపి చూశాను. టీ తాగేలోపు దొరికిపోయింది. మేనేజర్‌గారిది ఇంకా ముందే దొరికింది లెండి, బాధపడకండి."

"పక్కన ఒకటి అని అంకె కూడా పెట్టాను కదా!"

"పెట్టారు. పాపం, ఆ ఒకటి వల్ల దానికి ఇంకో రెండు క్షణాలు పట్టింది."

ఊళ్ళో ఏ బస్సు ఎక్కడుందో, ఎంతసేపట్లో వస్తుందో జనం ఫోన్లలో చూపించే చిన్న కంపెనీ అది. ఆ ప్రోగ్రామ్ రాసేది మనవాడు. అది నడిచే లైనక్స్ సర్వర్లని కాపాడడానికి ఆ అమ్మాయి కొత్తగా వచ్చింది. వారం తిరక్కుండానే ఆఫీసంతా ఆమెకు తాళాలమ్మ అని పేరు పెట్టేసింది.

ఆ పేరు ఊరికే రాలేదు. వచ్చీ రాగానే, సర్వర్లో ఏమైనా చెయ్యనిచ్చే రూట్ లాగిన్‌ని అందరూ కలిసి వాడుకుంటుంటే, దాన్ని మూసేసింది. "ఇంటిల్లిపాదికీ ఒకటే తాళంచెవి, అదీ గుమ్మం పక్కనే మేకుకి! దొంగొస్తే కుర్చీ వేసి మంచినీళ్ళు కూడా ఇస్తారా?" అంది. సర్వర్లోకి దారితీసే పోర్టుల్లో వాడనివన్నీ గాలివానప్పుడు కిటికీలు మూసినట్టు టపటపా మూసింది. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రావడం మాన్పించి, తాళంచెవిలా పనిచేసే కీ ఫైలు ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది.

మనవాడికి ఒళ్ళు మండింది.

"మా సర్వర్లోకి మేం వెళ్ళాలంటే ఇన్ని తలుపులా?"

"వచ్చింది మీరేనని సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? మీ మొహం చూసి గుర్తుపడుతుందా?"

"మీరసలు మనుషుల్ని నమ్మరా?"

"నమ్మకపోవడానికేనండీ నాకు జీతం ఇచ్చేది."

ఒక సాయంత్రం వాన దంచికొడుతోంది. ఇంటికి వెళ్ళే దారిలేక అందరూ కిటికీల దగ్గర గుమిగూడారు. ఇంకా ఏం తలుపులు మూస్తోందో చూద్దామని మనవాడు తాళాలమ్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు జలజలా కిందికి జారుతున్నాయి.

"ఏంటివి?"

"తలుపు తట్టేవాళ్ళు. ఒకడు నేను రూట్ అంటాడు, ఒకడు నేను అడ్మిన్ అంటాడు. ముక్కూమొహం తెలియని జనం, రేయింబవళ్ళు తడుతూనే ఉంటారు. మాటిమాటికీ తప్పు కొట్టేవాణ్ణి గెంటేయడానికి కాపలా పెట్టాను. అదిగో, వీడు అవుట్!"

అంటూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కిటికీ అద్దం మీద చినుకులూ, ఆమె కళ్ళజోడులో ఆ వరసలూ ఒకేలా జారుతున్నాయి. ఏది చూడాలో తెలియక మనవాడు రెండూ చూశాడు. చూస్తూ చూస్తూ కళ్ళజోడు దగ్గర ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ ఇంతమంది తలుపు తడుతుంటే తను హాయిగా నిద్రపోయాడు. ఈ పిల్ల ఒక్కతే మేలుకుని ఉంది!

ఆ రాత్రి భోజనాల దగ్గర "మా ఆఫీసులో తాళాలమ్మ అని ఉంది చూడు, అమ్మమ్మా..." అని మొదలుపెట్టాడు. మర్నాడూ అదే మొదలు. ఆ మర్నాడూ అదే.

ఇంతలో తాళాలమ్మ కొత్త చట్టం తెచ్చింది. కీ ఫైలు ఒక్కటే చాలదట. ఫోన్లో ఒక యాప్ పెట్టుకోవాలి, అది చూపించే ఆరంకెలు కూడా కొడితేనే సర్వర్ తలుపు తీస్తుంది. ఆ అంకెలు అర నిమిషానికోసారి మారిపోతాయి.

మనవాడి ఫోన్ అప్పటికి బట్టల బకెట్లో మునిగి రిపేరు షాపులో ఉంది. షాపువాడు ఎప్పుడు అడిగినా "రేపు" అంటున్నాడు. తాళాలమ్మకి ఆ మాట చెప్తే నవ్వుతుందేమోనని, మనవాడు గుట్టుచప్పుడు కాకుండా ఆ యాప్‌ని అమ్మమ్మ ఫోన్లో పెట్టేశాడు.

అమ్మమ్మ ఇంట్లో, సర్వర్ ఆఫీసులో. రోజూ పొద్దున్నే ఆఫీసు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలు.

"అమ్మమ్మా, అంకెలు!"

"ఉండరా... నాలుగు, తొమ్మిది, ఒకటో ఏడో... అయ్యో, మారిపోయాయిరా!"

ఒకరోజు వెనకనుంచి మాట వినబడింది. "ఏం చేస్తున్నారు?"

"లాగిన్ అవుతున్నానండీ."

"అమ్మమ్మగారితోనా!"

తాళాలమ్మ రిసీవర్ లాక్కుంది. "నమస్కారం అమ్మమ్మగారూ. ఆ అంకెలు ఎవరడిగినా చెప్పకూడదండీ."

"నా మనవడికి కూడానా తల్లీ?"

"ఆ గొంతు మీ మనవడిదేనని నమ్మకమేంటి? గొంతులు కూడా దొంగిలించే రోజులివి. ఆయన ఫోన్ బాగయ్యేదాకా, మీ ఇద్దరికే తెలిసినవి మూడు ప్రశ్నలు అడగండి. తృప్తిపడ్డాకే చెప్పండి."

మాటలు అక్కడితో ఆగలేదు. అవతల అమ్మమ్మ ఏదో చెబుతోంది. ఇవతల తాళాలమ్మ "అవునా?" అంటోంది, "రోజూనా?" అంటోంది, నవ్వు ఆపుకుంటోంది. మనవాడు గోడకు కొట్టిన మేకులా నిలబడిపోయాడు. ఫోన్ పెట్టేశాక ఆమె అతనివంక అదో రకంగా చూసింది.

"ఏమందండీ మా అమ్మమ్మ?"

"సెక్యూరిటీ విషయం. బయటికి చెప్పకూడదు."

మర్నాడు పొద్దున కుండపోత. ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఫోన్లన్నీ ఒకేసారి మోగుతున్నాయి. రాత్రి మనవాడు మార్చిన ఒక్క లైను వల్ల, ఊళ్ళోని ప్రతి బస్సూ ప్రతి స్టాపులోనూ 'వచ్చేసింది' అని చూపిస్తోంది. జనం గొడుగులు పట్టుకుని పరిగెత్తుకొస్తే స్టాపుల్లో బస్సు లేదు సరికదా, దాని హారన్ కూడా లేదు.

మేనేజర్ జుట్టు పీక్కుంటున్నాడు. "ఒకాయన పెళ్ళిచూపులకి వెళ్ళాలటయ్యా, నిలువునా తడిసిపోయి నన్ను తిడుతున్నాడు! తొందరగా సరిచెయ్యి!"

మనవాడు కీబోర్డు మీద పడ్డాడు. సర్వర్ ఆరంకెలు అడిగింది. ఇంటికి ఫోన్ చేశాడు. చేతులు ఖాళీగా ఉండాలని మేనేజర్ స్పీకర్ నొక్కాడు.

"అమ్మమ్మా, అర్జెంటు! అంకెలు చెప్పు!"

"ఎవరది?"

"నేనే!"

"ప్రతి దొంగా నేనే అంటాడు. మొదటి ప్రశ్న. చిన్నప్పుడు దేన్ని చూసి మంచం కింద దూరేవాడివి?"

ఆఫీసంతా చెవులు రిక్కించింది. మనవాడు బతిమాలుతున్నట్టు తాళాలమ్మ వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి!"

"నేను చెప్పిన పాఠమే కదా, నేనెలా చెరుపుతాను?" అంటూ ఆమె తన లాప్‌టాప్ తెరిచి ఏదో కొట్టడం మొదలుపెట్టింది.

"కుట్టుమిషన్" అన్నాడు మనవాడు నేలచూపులు చూస్తూ. పకపకమన్నారు అందరూ.

"రెండోది. మొన్న నా కళ్ళజోడు మీద కూర్చున్నదెవరు?"

"నేనే."

"మరి పిల్లి అన్నావు!"

"అమ్మమ్మా, అక్కడ జనం తడిసిపోతున్నారే!"

"అయితే తొందరగా చెప్పు. మూడోది. రోజూ భోజనాల దగ్గర ఎవరి ఊసెత్తి నా బుర్ర తింటావు?"

బయట వాన చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. చెప్పకపోతే ఊరు తడుస్తుంది, చెప్తే తన పరువు తడుస్తుంది. మేనేజర్ రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

"తాళాలమ్మ ఊసు" అన్నాడు మనవాడు. ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. "ఆవిడ తిట్టినా బాగుంటుంది. చప్పట్లు కొడితే ఇంకా బాగుంటుంది. ఆవిడంటే నాకు చాలా ఇష్టం. ఇది చాలా? ఇప్పుడు అంకెలు చెప్పు!"

"రెండు, ఎనిమిది, సున్నా... అయ్యో, మారిపోయాయిరా!"

మనవాడు తలపట్టుకున్నాడు.

"అంకెలు అక్కర్లేదు" అంది తాళాలమ్మ మెల్లగా. ఆమె చెవులు ఎర్రబడి ఉన్నాయి. "మళ్ళీ లాగిన్ కొట్టు. ఇవాళ్టికి నీ రెండో తలుపు తీసేశాను. నా కళ్ళెదురుగా ఉన్న మనిషికి ఇంకేం రుజువు కావాలి?"

'కొట్టండి' అనలేదు, 'కొట్టు' అంది. ఆ హడావుడిలో కూడా మనవాడికి అది వినబడింది.

"ఎప్పుడు తీశావు?"

"రెండో ప్రశ్న అప్పుడు."

"మరి చెప్పలేదేం?"

"మూడోదానికి నువ్వేం చెప్తావో వినాలనిపించింది."

"అయ్యా! అమ్మా! బస్సులు!" అని మేనేజర్ కేక పెట్టాడు.

మనవాడు లోపలికి వెళ్ళి, రాత్రి మార్చిన లైను మళ్ళీ మామూలుగా పెట్టాడు. ఊళ్ళో బస్సులన్నీ ఉన్నచోటికి తిరిగొచ్చాయి. ఫోన్లు ఒక్కొక్కటే చల్లబడ్డాయి. ఒక్క స్పీకర్ మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.

"ఏమ్మా తాళాలమ్మా, ఉన్నావా? ఇంతకీ ఆ మాట్లాడినవాడు మావాడేనా?"

తాళాలమ్మ మనవాడి వంక చూసింది.

"కాదు అమ్మమ్మా" అంది. "నావాడు."

"అలాగా! అయితే వాణ్ణీ, వాడి అంకెల్నీ నువ్వే చూసుకో తల్లీ. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇంటికి రండి. అమ్మో, ఉండు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి!"