ఉప్పేసిన గంజి

బీకరులో ద్రవం తేనెరంగుకి తిరిగింది. తిరిగి అక్కడే మొరాయించింది.

బాన్సువాడలోని ఓ ప్రైవేటు కాలేజీ ల్యాబులో ముప్పైమంది పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెలుపు, తేనెరంగు, నీలం, మళ్లీ తెలుపు. ఎవరూ ముట్టుకోకపోయినా రంగులు అలా తిరుగుతూనే ఉంటాయని కెమిస్ట్రీ మేడం సిరీష వారం నుంచి వాళ్లని ఊరిస్తూ వచ్చింది మరి! వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“ఏం కలిపావు నితిన్?” అని అందరిముందూ అడిగేసింది.

ల్యాబ్ అసిస్టెంట్ నితిన్ తల దించుకున్నాడు. నీలం రంగు రావడానికి వేసే స్టార్చ్ పొడి అయిపోతే, పొద్దున ఇంట్లో వార్చిన గంజి సీసాలో పట్టుకొచ్చింది అతనే. తెమ్మని చెప్పింది మాత్రం సిరీష. ఆ సంగతి అతను ఎత్తలేదు. తనదే తప్పన్నాడు.

పిల్లలు వెళ్లిపోయారు. బయట వాన పట్టుకుంది.

ఆమె చిరాకుకి మూలం వేరే ఉంది. నితిన్ ఆమెని పెళ్లి చేసుకుంటానని అడిగి నాలుగు నెలలైంది. పొద్దున కాలేజీకి వస్తూ సరే అనుకునేది. ఇంటికెళ్లి నాన్న హరనాథబాబు ముఖం చూడగానే వద్దనుకునేది. తాతలనాడు గోదావరి జిల్లా నుంచి వచ్చి, కాలవ కింద పొలాలు చేసుకుంటున్న కుటుంబం వాళ్లది. సంబంధాలు మాత్రం ఇప్పటికీ అటువైపే చూస్తారు. నితిన్‌కేమో పటాన్‌చెరు మందుల కంపెనీ నుంచి ఉద్యోగానికి పిలుపొచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. ఆమె కాదంటే వెళ్లిపోతానన్నాడు.

ముందు ఈ బీకరు సంగతి తేలాలి. చల్లబడితే రంగులు నెమ్మదిగా మారతాయి గానీ ఆగవు. కొలతలు తప్పలేదు. ఇక మిగిలింది క్లోరైడు. అది కాస్త పడితే చాలు, ఆట కట్టు. ఇంట్లో వాడే ఉప్పులో ఉండేది అదే.

అతని అన్నం సంచిలో మిగిలిన గంజిని రుచి చూడమంది. నితిన్ ఒక గుక్క తాగి నాలుక కరుచుకున్నాడు.

“ఉప్పుంది. మా అవ్వ పనే ఇది. సీసల పోస్తుంటె చూసింది. తాగనీకి తీస్కపోతున్న అనుకున్నట్టుంది.”

తల్లి లేని నితిన్‌ని పెంచింది ఆ నాయనమ్మే. సిరీషకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఇంత మంచివాణ్ణి పదిమందిలో అంత మాటన్నానే అని బాధపడింది.

నితిన్ వానలోనే ఎదురుగా ఉన్న మెస్సుకి పరుగెత్తి వేరే గంజి తెచ్చాడు. ఈసారి రుచి చూసి మరీ తెచ్చాడు. రసాయనాలన్నీ మళ్లీ కలిపారు. తెలుపు తేనెరంగైంది. చూస్తుండగానే గుప్పున నీలం. మళ్లీ తెలుపు. ఇద్దరూ అలా చూస్తుండిపోయారు.

“గిది అచ్చం నీ లెక్కనే ఉంది సిరీషా,” అన్నాడు నితిన్ మెల్లగా. “ఎప్పటికీ ఇట్లనే తిరుగుతదా?”

“తిరగదు. లోపలున్న రసాయనం అయిపోగానే ఒకచోట ఆగుతుంది.”

“ఏడ ఆగుతది?”

ఆమె బీకరు వైపు చూపించింది. కాసేపటికి నీలం వచ్చింది. ఎంతసేపు చూసినా ఇక పోలేదు.

సిరీష ఫోన్ తీసి నాన్నకి కలిపింది. తనకి నచ్చినవాడు ఒకడున్నాడని, కాలేజీలోనే పనిచేస్తాడని, ఈ ఊరివాడేనని చెప్పింది. సాయంత్రం అతన్నీ, వాళ్ల నాయనమ్మనీ ఇంటికి తీసుకొస్తానంది.

ఫోన్లో వాన చప్పుడే వినిపించింది. నితిన్ బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“పెద్దావిడ తడుస్తుందేమోనమ్మా,” అన్నాడు హరనాథబాబు చివరికి. “ఆటోలో తీసుకురమ్మను.”